గడపకు వేపమండ

మిషను ఆపినా చప్పుడు ఆగేది కాదు. స్విచ్చి కట్టేసి, చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నా చెవుల్లో అదే టకటక. ముద్ద కూడా ఆ వేగంతోనే నమిలేదాన్ని. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన ఎదురుగా కూర్చుని, "నిదానంగా తినరాదా, నిన్నెవురు తరుముతాండారు?" అనేవాడు. ఎవరో చెప్పాలంటే అన్నం చల్లారిపోతుందని ఊరుకునేదాన్ని.

ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదే నా దుకాణం. జాకెట్లు కుడతాను. చుట్టుపక్కల ఏ పల్లెలో పెండ్లి కుదిరినా బంగారానికీ చీరలకూ మా ఊరికే వస్తారు. చీర కొన్న ఊపులోనే గుడ్డ తెచ్చి నా బల్లమీద పడేసి, "అక్కా, ముహూర్తం మీదికొచ్చింది, నువ్వే కాపాడాల" అంటారు. ముహూర్తం పెట్టేది వాళ్ళు, పరుగెత్తేది నేను. ఇక ఫోనుకు పంపే బొమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు. మెడ ఒక బొమ్మలోది, వీపు ఇంకో బొమ్మలోది, చేతులు మాత్రం వాళ్ళ వదిన జాకెట్టువి. అన్నీ కలిపి రేపటికల్లా కావాలి. కుట్టేదాన్ని. వద్దనడం నాకు చేతకాదు. వద్దంటే పక్కవీధికి పోతారన్న భయం ఒకటి, నేను తప్ప ఎవరూ సరిగ్గా కుట్టలేరన్న పొగరు ఒకటి. రెండూ కలిసి నన్ను కుర్చీకి కట్టేశాయి.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం రెండు చేతుల ముక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏది కుడి, ఏది ఎడమ? ముందరి వంపు కాస్త లోతుగా ఉంటుంది, కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పగలను. ఆరోజు తిప్పి చూశాను, మడిచి చూశాను, నా భుజానికి ఆనించి చూశాను. తెలియలేదు. వేళ్ళు వణకడం మొదలైంది. వణుకు చూసి భయమేసింది, ఆ భయానికి ఏడుపొచ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న పెండ్లికూతురి తల్లి కంగారుగా లేచి నిలబడింది. "అక్కా, నా గుడ్డ ఏమన్నా పాడైందా?" అని అడిగింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ మాట నిజమని నాకు ఆరోజు తెలిసింది.

మా ఆయన డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ గుండె విని, రక్తం పరీక్ష చూసి, అన్నీ బాగున్నాయని చెప్పింది. "బాగా లేనిది నువ్వు బతికే పద్ధతి. ఈ పరుగు ఇట్లాగే సాగితే ఒకరోజు సూది పట్టుకోవడానికి చేతులు రావు. కొన్నాళ్ళు పని ఆపు. ఫోను పక్కన పెట్టు. నిద్రపో" అంది. తల ఊపాను. భయంతోనే ఊపాను, ఎందుకంటే ఆ చేతులు లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి నర్సమ్మ నన్ను ఆపింది. "మీరు జాకెట్లు కుట్టే అక్క కదూ? మా చెల్లెలి నిశ్చితార్థం ఉంది..." దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు.

పులివెందులలో మా అక్క ఉంది. వాళ్ళకు చీనీ తోట ఉంది, అవే బత్తాయిలు, ఇల్లు చల్లగా ఉంటుంది. అక్కడైతే నన్నెవరూ ఎరగరని పోయాను. వెళ్ళిన పూట అక్క చీనీకాయల రసం ఇచ్చి, కూలరు ముందు మంచం వేసి, పడుకోమంది. పడుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది, నా కాలి బొటనవేలు పెడల్ తొక్కుతోంది. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "ఊరికే కూర్చోనుండావు కదక్కా, ఒక్క హుక్కు వేసియ్యి." "ఊరికే ఉండావు కదా, ఈ చంక కాస్త వదులు చెయ్యి." మరునాడు పొద్దున్నే అక్క అటకమీది పాత మిషను దించి, దుమ్ము తుడిచి, నా ముందు పెట్టింది. "నీకు పొద్దుపోదు కదా అని" అంది. ప్రేమతోనే అంది, అదే నా ఖర్మ. ఊరికే ఉండటం అనేది ఒక ఖాళీ గిన్నె అని, ఎవరైనా అందులో ఏదైనా వేయవచ్చని మా వైపు అందరి నమ్మకం.

తిరిగి వచ్చాక మా ఆయనకు ఏమీ తోచక, సెలవు పెట్టి జమ్మలమడుగు మీదుగా గండికోటకు తీసుకుపోయాడు. పెన్న లోయ అంచున నిలబడితే మనసు తేలికవుతుందని ఎవరో చెప్పారట. అందరూ లోయను చూస్తున్నారు. నేను మాత్రం ముందు నిలబడ్డ అమ్మాయి జాకెట్టు వీపు చూస్తున్నాను. పట్టీ వంకరగా పడింది. విప్పి మళ్ళీ వేయాలని చేతులు గింజుకున్నాయి. "ఎట్లుంది?" అని ఆయన అడిగితే, "వంకరగా ఉంది" అన్నాను. పాపం, ఆయన లోయ వైపు మళ్ళీ చూశాడు.

ఇదంతా మాతోనే ఉండే మా అత్త చూస్తూ ఉంది. ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. చిన్నప్పుడు మంద వెనక నడిచిన మనిషి. నాలుగు మాటల చోట ఒక మాట వాడుతుంది, ఆ ఒక్కటీ రాయి వేసినట్టు వేస్తుంది. వంటిల్లు ఆమెది, ముందుగది నాది. మేమిద్దరం ఒకరి రాజ్యంలోకి ఒకరం పోము.

గండికోట నుంచి వచ్చిన మరునాడు నాకు వీపంతా, మెడంతా ఎర్రగా పేలింది. మంటగా ఉంటే అత్తను చూడమన్నాను. ఆమె జాకెట్టు పక్కకు లాగి చూసింది. వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత చేతులు జోడించింది.

"అమ్మోరు పోసిందే" అంది.

చిన్నప్పుడు నాకు రాలేదని మా అమ్మ చెప్పేది. అత్త అప్పటికే వీధిలోకి వెళ్ళి వేపమండ విరుచుకొచ్చి గడపకు కట్టేసింది. లోపలి గదిలో చాప పరిచి, మీద వేపాకు చల్లి, పాత మెత్తటి చీర కప్పింది. ముందుగదికి పోయి మిషను మీద దుప్పటి వేసింది. నా చేతిలోంచి ఫోను తీసుకుని ఆపేసింది. "ఇది మోగితే అమ్మోరికి చికాకు" అంది. ఇంట్లో తాళింపు చిటపట ఉండకూడదు, పెద్ద గొంతు ఉండకూడదు, బయటివాళ్ళు గడప దాటకూడదు. మా ఆయనకు వరండాలో మంచం పడింది. ఆయన పక్క చుట్టుకుని పోయాడు.

తర్వాత జరిగింది తలుపు సందులోంచి చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. గంట ఆలస్యమైతే గొంతు మీద కూర్చునే మనుషులు వేపమండ చూసి గడప బయటే ఆగిపోతున్నారు. చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని, వెనక్కి తగ్గుతున్నారు. డాక్టరమ్మ మాటకు ఇవ్వని విలువ ఒక ఆకుకు ఇచ్చారు.

జమ్మలమడుగు నుంచి కారులో వచ్చే ఒకావిడ ఉండేది. పెద్ద భూములున్న రైతుల ఇల్లు, ఆమె మాటకు ఎదురు లేదు. కూతురి పెండ్లి జాకెట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. కారు ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, "యాడ ఆ మనిషి? ఫోను ఎందుకు ఎత్తదు?" అన్న అరుపు లోపలికి వినబడ్డాయి. నేను లేచి కూర్చున్నాను. ఇప్పుడు పరుగెత్తిపోయి, పూర్తయింది మేడం, ఒక్క హెమ్మింగే మిగిలిందని చెప్పాలని నోరు తెరిచాను. అంతలో అత్త గొంతు వినబడింది.

"అమ్మోరు పోసిందమ్మా."

చెప్పులు విడిచిన చప్పుడు వినబడింది. తర్వాత ఆ పెద్దావిడ గొంతు, అదే గొంతు, పూజగదిలో వాడే మెత్తదనంతో వచ్చింది. "సల్లంగ సూడు తల్లీ. మేము ఇంక యాడన్నా కుట్టించుకుంటాములే." అత్త గుడ్డల మూటను అరుగు మీద పెట్టినట్టుంది. కారు వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు ఆగలేదు. మంచి బేరం పోయిందని కాదు. ఆ పెండ్లి నా జాకెట్టు లేకుండా జరిగిపోతుందని. నేను కుట్టకపోతే ముహూర్తమే ఆగిపోతుందని అన్నేళ్ళుగా లోలోపల నమ్ముతూ వచ్చాను. అది నమ్మబట్టే బతికాను. అరుగు మీది నుంచి ఒక మూట వెళ్ళిపోతే ఆ నమ్మకమూ వెంట వెళ్ళిపోయింది. నొప్పిగా ఉంది, వీపు తేలికగానూ ఉంది.

పడుకోవడం ఎంత కష్టమో ఆ గదిలోనే తెలిసింది. కప్పుకున్న చీర అంచు పట్టుకుని వేళ్ళు తమంతట తాము మడత వేసేవి. గోడ మీద పగులు కనబడితే దానికి ఎంత దారం పడుతుందో లెక్క వేసేదాన్ని. లేచి గదిలో తిరిగేదాన్ని. అడుగుల చప్పుడు వింటే చాలు, వంటింట్లోంచి "మే, పండుకో" అని వచ్చేది. మజ్జిగన్నం, రాగి అంబలి, కొబ్బరి నీళ్ళు వేళకు వచ్చేవి. పళ్ళెం కూడా అత్తే తీసేది. నాకు ఎవరైనా పళ్ళెం తీసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. సిగ్గుగా ఉండేది. ఊరంతా పని చేస్తుంటే నేను రాణిలా పడుకున్నానని మనసు పీకేది. పోనీ హాయిగా పడుకుంటానా, అదీ లేదు.

ఒక పొద్దున అద్దం తీసుకుని మెడ చూసుకున్నాను. నీటి పొక్కు ఒక్కటీ లేదు. జ్వరం అసలే రాలేదు. మెత్తటి చీర కప్పుకుని నీడలో ఉన్నందుకు ఎర్రదనం ఎండి పొట్టు రాలుతోంది. జాకెట్లు కుట్టేదాన్ని, నైలాన్ లైనింగు జాకెట్టు వేసుకుని గండికోట ఎండలో తిరిగితే ఏమవుతుందో నాకు తెలియదా? అవి చెమటకాయలు.

అద్దం బోర్లా పెట్టేశాను. మొదట వచ్చింది దొంగ ఆలోచన. చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు పడుకోవచ్చు కదా. రెండోది భయం. అమ్మవారి పేరు అబద్ధంగా చెప్పుకుంటే నిజంగానే పోస్తుందని మా వైపు పిల్లల్ని బెదిరిస్తారు. వీధంతా చేతులు జోడించి పోయింది, ఆ జమ్మలమడుగు ఆవిడకు తెలిస్తే నా మిషను ఈ ఊళ్ళో మళ్ళీ తిరుగుతుందా? అటూ ఇటూ దొర్లాను. అబద్ధం మీద పడుకోవడం కంటే కుట్టడమే సులువనిపించింది. చివరికి లేచి వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. అత్త చాటలో బియ్యం చెరుగుతోంది.

"అత్తా, ఇది అమ్మోరు కాదు. పొక్కులు లేవు, జరం లేదు. చెమటకాయలు."

ఆమె తల ఎత్తలేదు. "గెట్టిగా అరవాకు. వీధిలోకి ఇనపడ్తాది."

"నీకు తెలుసునా?"

"గొర్లల్లో పుట్టి గొర్లల్లో పెరిగినదాన్ని, గొర్లకూ పోస్తాది అమ్మోరు. ఏది అమ్మోరో ఏది చెమటకాయో నాకు తెలీదా?"

"మరి యాపమండ ఎందుకు కట్టినావు?"

చాట పక్కన పెట్టింది. నావైపు చూసింది. "డాక్టరమ్మ చెప్పె. ఎవురన్నా ఇనిరా? మీ అక్క ఇంటికి పోతివి, పండుకోనిచ్చిరా? నీ మొగుడు చెప్పె. నువ్వన్నా ఇన్యావా? ఈడ ఆడది పండుకుంటే, ఎందుకు పండుకున్యావని అడగనిది ఒక్క అమ్మోరు పోసినప్పుడే. నాకు ఇంకో దావ కనపడల్యా."

"పాపం కదా అత్తా?"

"చెప్పుకున్యాలే ఆమెకు. తల్లీ, మా కోడలు కొయ్యబారిపోతాంది, నీ పేరు కొన్ని దినాలు వాడుకుంటా, కుంభం పెడతా, కోపం పెట్టుకోవాకు అని. ఆమె మాత్రం ఆడది కాదా ఏంది? పాపముంటే నాది. నువ్వు పోయి పండుకో."

పోయి పడుకున్నాను. పట్టపగలు, తలుపు సందులోంచి ఎండ గీతలా పడుతుంటే, మిషను చప్పుడు లేకుండా నిద్రపోయాను. లేచేసరికి చాప మీది వేపాకు నా చెంపకు అంటుకుని ఉంది. ఎంత ఏడ్చానో నాకే తెలియదు, దిండు తడిగా ఉంది.

నీళ్ళు పోసే రోజు అత్త నిజం అమ్మవారికి చేసినట్టే అన్నీ చేసింది. గంగాళంలో నీళ్ళు పోసి, వేపాకు, పసుపు వేసి, ఎండకు కాగనిచ్చి నా తలమీద పోసింది. వీపు రుద్దుతుంటే అడిగాను.

"నీకెప్పుడన్నా పోసిందా అత్తా?"

"పోసింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు. నాకు నిజంగానే పోసింది." చెంబు గంగాళంలో ముంచింది. "ఒళ్ళంతా మంటలే. అయినా ఆ దినాలు ఇప్పటికీ తలుచుకుంటా ఉంటా. నేను పండుకున్నింది ఆ దినాలే."

మాటల్లో దిగులు లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. మిగిలిన నీళ్ళు నా తలమీద పోసి, తుడుచుకోమని కొంగు ఇచ్చింది.

నేను బాగుపడిపోయానని రాయలేను. ఇప్పుడు భోజనం అయ్యాక ముందుగది తలుపు వేస్తాను. బయట నుంచి కొడతారు. ప్రాణం గిలగిల్లాడుతుంది, లేచి సగం దూరం పోతాను, మళ్ళీ వెనక్కి వస్తాను. కొన్ని గుడ్డలు వద్దంటాను. వద్దన్న ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టు మనసు చిన్నబోతుంది. చేతులు మాత్రం వణకడం లేదు.

ఈ ఎండాకాలం జమ్మలమడుగులో మా అత్త తమ్ముడి కూతురికి పెండ్లి కుదిరింది. పసుపు కొట్టాలన్నా, ఒడిబియ్యం కట్టాలన్నా, ఎవరికి ఏ చీర పెట్టాలన్నా అత్తకే ఫోను. పిలిచినప్పుడల్లా బస్సెక్కి పోయేది. ప్రొద్దుటూరుకు బంగారానికి వచ్చినవాళ్ళంతా మా ఇంట్లోనే దిగేవాళ్ళు, వాళ్ళకు వండేదీ ఆమే. నేను సాయానికి పోతే, "నీ పని నువ్వు సూసుకో, మళ్ళా పడిపోతావు" అని తరిమేది.

ఒక మధ్యాహ్నం నీళ్ళకని వంటింట్లోకి పోయాను. అత్త పొయ్యి ముందు నిలబడి ఉంది. చేతిలో మూత ఉంది. ఆ మూత దేనిమీదిదో ఆమెకు తెలియడం లేదు. ఈ గిన్నె వైపు చూస్తోంది, ఆ గిన్నె వైపు చూస్తోంది, మూత తిప్పి చూస్తోంది. మూత అంచు వణుకుతోంది.

నా రెండు చేతుల ముక్కలు నాకు గుర్తొచ్చాయి.

మూత తీసుకుని పక్కన పెట్టాను. ఆమె మోచేతి మీద దోమ కుట్టిన దద్దురు ఒకటి ఉంది. దాన్ని వెలుతురులోకి తిప్పి, వీధిలోకి వినబడేటట్టు గొంతెత్తాను.

"అత్తా! అమ్మోరు పోసిందే!"

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మే, నీకు మతి పోయిందా? ఒకసారి పోసినోళ్ళకు మళ్ళా పోయదే. ఊరందరికీ తెలుసు."

"తెలిస్తే తెలియనీ."

"నగుతారే."

"నగనీ అత్తా. పాపముంటే నాది."

బయటికి పోయి మండ విరుచుకొచ్చి గడపకు కట్టాను. చేతులు తొందరపడుతున్నాయి, ముడి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ వేశాను. లోపలి గదిలో చాప పరిచాను. అత్త దానిమీద కూర్చుంది గానీ పడుకోలేదు. పొయ్యిమీద పాలు, పెండ్లి పసుపు, రేపటి బస్సు అంటూ ఒక్కొక్కటే చెబుతోంది. ఫోను తీసుకుని ఆపేశాను. భుజాలు పట్టుకుని పడుకోబెట్టాను. ఆ భుజాల కొలత ఎన్నోసార్లు తీశాను, ఇంత సన్నబడ్డాయని తెలియలేదు.

మా వీధిలో పెద్దామె ఒకతె ఉంది, అత్త ఈడుది. వేపమండ చూసి గడప దగ్గర ఆగింది.

"ఎవురికమ్మీ?" అని అడిగింది.

"మా అత్తకు" అన్నాను.

ఆమె మండ వైపు చూసింది, నా మొహం చూసింది. అత్తకు ఒకసారి పోసిన సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు. ఇప్పుడు నవ్వుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ఎదురుచూశాను. ఆమె చెప్పులు విడిచి చేతులు జోడించింది. "సల్లంగ సూడు తల్లీ" అంది. వీధి మలుపులో పెండ్లివాళ్ళ ఆటో ఆగితే, ఎదురు పోయి, "ఆ ఇంటికి పోవాకండి నాయనా, అమ్మోరు పోసింది" అని వెనక్కి తిప్పింది.

పొద్దు వాలేసరికి గడప బయట మజ్జిగ చెంబు ఒకటి, కొబ్బరి బోండాలు, ఎవరో జల్లించి పెట్టిన రాగిపిండి కనిపించాయి. అన్నీ అత్త ఈడు ఆడవాళ్ళు పెట్టిపోయినవే. రెండోసారి పోయదని వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఒక్కరూ ఏమీ అడగలేదు.